తిరిగే మోటరును సచ్చిందంటె నమ్ముతరా?

ఇయ్యాల పంట ముచ్చట గాదు. పత్తి రేటు, యూరియా లైను రేపు మాట్లాడుకుందాం. ఇయ్యాల కారు వైపర్ గురించి చెప్పాలె. నవ్వకుండ్రి. వైపర్ పేరు మీద మన జేబులకెళ్లి పోతున్న పైసలు చూస్తె నవ్వు రాదు.

కథ అందరిదీ ఒక్కటే. వాన ఆగినంక వైపర్ బంద్ చేస్తరు. అది కిందికి దిగి అద్దం అంచుకు పండుకోవాలె. పండుకోదు. నడిమిట్ల, సరిగ్గ డ్రైవర్ కండ్ల ముంగట అడ్డం నిలవడ్తది. లేకపోతె పండుకున్నట్టే ఉంటది గని జానెడు మీదనే ఆగుతది. కారు షెడ్డుకు పోతది. బానెట్ ఎత్తకముందే మాట వస్తది, "మోటరు పోయిందన్నా, అసెంబ్లీ మొత్తం ఎయ్యాలె" అని. మనం తలకాయ ఊపుతం. వేలు గట్టి ఇంటికి వస్తం. పాత మోటరు ఏమైందో అడగం.

నేను సూటిగ అంటున్న. అటూ ఇటూ మంచిగ ఆడే వైపర్‌కు మోటరు పోయిందనుడు అబద్ధమన్న కావాలె, తెలివితక్కువన్న కావాలె. ఆడుతున్నదంటేనే అది బతికి ఉన్నది. మీ బాయికాడ బోరు మోటరు నిండుగ నీళ్లు పోస్తున్నది, గని స్టార్టర్ డబ్బల ఆఫ్ బటన్ నొక్కితె ఆగుతలేదు అనుకోండ్రి. మోటరును బోరులకెళ్లి గుంజుతరా? పైపులన్నీ ఇప్పి వైండింగ్ షాపుకు మోస్తరా? ఎవడన్న గట్ల చెయ్యమంటె వాణ్ని పొలం గట్టు మీదికి సుత రానియ్యరు. డబ్బ మూత తీసి కాంటాక్టులు చూస్తరు, నల్లగైతె గీకుతరు, వైరు వదులైతె బిగిస్తరు. మరి కారు కాడికి వచ్చేసరికి ఆ తెలివి ఎటు పోతున్నది? కారంటె మనది గాని వస్తువు అన్నట్టు, దాని ముంగట చేతులు గట్టుకొని ఎందుకు నిలవడ్తున్నం?

వైపర్ లోపట ఏం జరుగుతదో తెలిస్తెనే ఎదుటోణ్ని నిలదీయగలుగుతం. అందుకే కొంచెం ఓపికగ చదవుండ్రి.

పొద్దుమూకి అరక ఇడిసినంక ఎద్దును చూసిన్రు గదా. ఎవరూ పగ్గం పట్టి గుంజరు. తనకు తానే నడిచి కొట్టంల తన గుంజ కాడికి పోయి నిలవడ్తది. వైపర్ మోటరు సుత గంతే. మీరు స్విచ్ బంద్ చేసిన గడియకే దానికి కరెంటు ఆగిపోదు. మోటరు పక్కన డబ్బల ఒక పండ్ల చక్రం ఉంటది, చానా కార్లల్ల అది నైలాన్‌ది. మోటరు ఇరుసుకున్న మర ఆ చక్రాన్ని మెల్లగ తిప్పుతది. ఆ చక్రం మీద గుండ్రటి రాగి రేకు ఉంటది, ఒక్క జాగల అది తెగి ఉంటది. మూతకున్న సన్నటి కాంటాక్టులు ఆ రేకు మీద రాసుకుంట పోతయి. మీరు స్విచ్ బంద్ చేసినంక సుత ఈ రేకుకెళ్లి మోటరుకు కరెంటు అందుతనే ఉంటది, వైపర్ కిందికి దిగేదాక. కాంటాక్టు ఆ తెగిన జాగకు రాంగనే కరెంటు కట్ అయితది. అదే గడియల మోటరు వైరు ఎర్త్‌కు కలుస్తది, దాంతోని మోటరు ఊపుల ముందుకు ఉరకకుండ బ్రేకు కొట్టినట్టు ఆగుతది. దీన్నే పార్క్ స్విచ్ అంటరు. ఇది లేని వైపర్లు పాతకాలం బండ్లకు ఉండేవి. వైపర్ కిందికి దిగే గడియ కనిపెట్టి డ్రైవరే స్విచ్ బంద్ చేసేటోడు.

ఇప్పుడు మీ ఎద్దు కొట్టానికి రాలేదు. రెండు తీర్లు ఉంటయి. ఒకటి, ఎద్దు రోజుకో జాగల ఆగుతున్నది. ఇయ్యాల చెరువు కట్ట మీద, రేపు బాయి తొవ్వల. రెండోది, రోజూ ఒక్క జాగకే పోయి ఆగుతున్నది, గని ఆ జాగ తప్పు. మొదటిదైతె ఎద్దుకే ఏదో అయ్యింది, అంటె పార్క్ స్విచ్ కథ. రెండోదైతె ఎద్దు మంచిదే, గుంజను ఎవడో జరిపి పాతిండు. అంటె మోటరు తన జాగల తాను ఆగుతున్నది, వైపర్ చెయ్యినే తప్పు పండ్ల మీద ఎక్కించి బిగించిన్రు.

ఈ తేడా తెలుసుకోనీకె పైస ఖర్చు లేదు. అద్దం తడిపి వైపర్ ఆడించుండ్రి. మీదికి పోయినప్పుడు ఒకసారి, నడిమిట్ల ఉన్నప్పుడు ఒకసారి, దిగుతున్నప్పుడు ఒకసారి బంద్ చేసి చూడుండ్రి. ఎక్కడ బంద్ చేస్తె అక్కడే ఆగితె పార్క్ స్విచ్. ఎప్పుడు బంద్ చేసినా పోయి పోయి ఒకే తప్పు జాగల ఆగితె చెయ్యి. బంద్ చేసినా ఆగకుండ తిరుగుతనే ఉంటె కాంటాక్టు అతుక్కున్నట్టు, లేకపోతె రిలేనో స్టీరింగ్ కాడి స్విచ్చో పట్టేసుకున్నట్టు. కిందికి వచ్చి ఆగబోయి, జారి మళ్ల ఒక చుట్టు తిరిగితె ఆ బ్రేకు ఎర్త్ అందుతలేదన్నట్టు. ఐదు నిమిషాల పని. ఈ ఐదు నిమిషాల పని చెయ్యకుంట మోటరు పోయిందన్నోడు మెకానిక్ గాదు, సామాన్లు అమ్మేటోడు.

అసలు ఏ తప్పూ లేని కార్లు సుత షెడ్డు ఎక్కుతయి. వైపర్ ఆడుతుండంగనే తాళం తిప్పి ఇంజన్ బంద్ చేస్తరు చానామంది. చానా కార్లల్ల తాళంతోనే వైపర్‌కు కరెంటు పోతది, ఇగ అది ఉన్నకాడనే నిలవడ్తది. మళ్ల తాళం ఆన్ చేస్తె దాని జాగకు అదే పోతది. దాన్ని చూసి రోగం అనుకునుడు మన పొరపాటు. కొన్ని కొత్త కార్లల్ల ఇంజన్ బంద్ చేసిన వెంటనే లివర్ నొక్కితె వైపర్లు నిలువుగ లేచి నిలవడ్తయి. బ్లేడ్లు మార్చనీకె కంపెనోడు పెట్టిన ఏర్పాటు అది. కారుతోని ఇచ్చిన పుస్తకంల రాసి ఉంటది. ఆ పుస్తకం డ్యాష్‌బోర్డు అరల ప్లాస్టిక్ కవర్ సుత చింపకుండ పడి ఉంటది మన కార్లల్ల.

ఇగ గుంజ జరిపి పాతేది ఎవరు? మన వరంగల్–ఖమ్మం రోడ్డు మీద గ్రానైట్ లారీలు, కంకర టిప్పర్లు ఎట్ల పోతయో మీకు చెప్పేది లేదు. రాయి ఎగిరి తగుల్తది, అద్దం పలుగుతది. అద్దం మార్చేటోడు ముందుగాల వైపర్ చేతులు రెండూ ఇప్పాలె, కింది నల్ల ప్లాస్టిక్ జాలీ తియ్యాలె. పనైనంక తొందరల ఏ పండ్ల మీద వడితె ఆ పండ్ల మీద ఎక్కించి నట్టు బిగిస్తడు. ఆ దినం ఎండ. మీరు వైపర్ వెయ్యరు. రెండు నెలలకు వాన పడ్తది, వైపర్ జానెడు మీద ఆగుతది. అద్దం ముచ్చట మీకు యాదికి రాదు, షెడ్డోనికి తెలియదు. మోటరు మీద పడ్తది నింద. సెకండ్‌హ్యాండ్ కారు కొన్నోళ్లకైతె దాని అద్దం ఎన్నిసార్లు మారిందో సుత తెలియదు. మీ వైపర్ ఒక్కకాడే తప్పు ఆగుతుంటె ముందుగాల ఇదే అనుమానించుండ్రి.

సరిచేసుడు ఎట్లనో చెప్త. దీనికి కావాల్సినయి సన్న స్క్రూడ్రైవర్, నట్టుకు సరిపోయే పానా, మందపాటి తువ్వాల, రంగు టేపు ముక్క. అంతే.

అద్దం తడిపి, తాళం ఆన్ చేసి, తక్కువ స్పీడ్ మీద రెండు మూడు సార్లు ఆడనిచ్చి లివర్‌తోనే బంద్ చెయ్యుండ్రి. తాళంతో గాదు. ఇప్పుడు చెయ్యి యాడ ఉన్నా సరే, లోపట మోటరు మాత్రం తన అసలు జాగల నిలవడ్డది. ఇక్కడ తప్పు చేస్తె మిగతాదంతా తప్పే. ఇగ తాళం తీసి జేబుల ఏసుకోండ్రి. పిల్లగాండ్లను స్టీరింగ్ కాడ కూసోవెట్టొద్దు. వైపర్ మోటరు చిన్నగ కనవడ్తది గని దాని లింకేజీల ఏలు వడితె నలుగుతది. నూర్పిడి మిషన్ల చెయ్యి పెట్టొద్దని ఎట్ల చెప్పుకుంటమో ఇదీ గట్లనే.

బ్లేడు అసలు యాడ పండుకోవాలె? చానా కార్లల్ల అద్దం కింది అంచున చిన్న గీతనో చుక్కనో ఉంటది. కనవడకపోతె అదే మాడల్ కారు ఊర్ల ఇంకొకరికి ఉండనే ఉంటది, పోయి చూసి రాండ్రి. ఆ జాగల టేపు ముక్క అతికించుండ్రి. ఇప్పుడు చెయ్యి అడుగున ఉన్న ప్లాస్టిక్ టోపీ లేపితె నట్టు కనవడ్తది. నట్టును పూర్తిగ తియ్యకుండ్రి. రెండు మూడు చుట్లు వదులు చేసి ఇరుసు మీదనే ఉంచుండ్రి. చెయ్యిని పట్టుకొని మెల్లగ అటూ ఇటూ ఊపితె పట్టు ఇడుస్తది. నట్టు ఉన్నది గన్క ఎగిరి మీద వడదు. కొన్ని కార్లల్ల చెయ్యి లేపితె బానెట్ అంచుకు తగిలి పెయింటు పోతది, చూసుకోండ్రి.

ఏండ్ల తుప్పు పట్టి రాకపోతె సుత్తె తియ్యకుండ్రి, దండం పెడ్త. ఆ ఇరుసు కూసునేది పోత అల్యూమినియంల. ఒక్క దెబ్బకు పలుగుతది, అప్పుడు నిజంగనే అసెంబ్లీ మార్చాలె. తుప్పు వదిలించే నూనె కొట్టి ఛాయ తాగి వచ్చేదాక ఇడిసిపెట్టుండ్రి. అయినా రాకపోతె బ్యాటరీ టెర్మినల్ గుంజే చిన్న పుల్లర్ ఉంటది, దానితోని గుంజితె వస్తది. ఇంకొక మాట. బ్లేడు ఊడదీసి ఉత్త చెయ్యిని అద్దం మీద ఇడిసిపెట్టకుండ్రి. దాని స్ప్రింగు బలానికి ఇనుము అద్దానికి తగుల్తె టప్పున పలుగుతది. తువ్వాల తెమ్మన్నది అందుకే, మడతవెట్టి అద్దం మీద పరచుండ్రి.

చెయ్యి బయటికి వచ్చినంక ఇరుసు మీద సన్నటి పండ్లు కనవడ్తయి, చెయ్యి లోపట సుత గసొంటియే. దంతాలపల్లోళ్లకు దంతాల లెక్క చెప్పాల్నా! ఒక్క పన్ను జరిగితె అడుగున కొంచెమే తేడా, గని బ్లేడు కొసకు వచ్చేసరికి అది బాగ పెరుగుతది. పాత బ్రష్షుతోని పండ్లు తుడిచి, బ్లేడు టేపు మీద కూసునేటట్టు చెయ్యిని దించి, నట్టు బిగించుండ్రి. పానాకు పైపు తొడిగి బలం చూపెట్టొద్దు, వదులుగ సుత ఇడువొద్దు. వదులైతె పండ్లు అరుగుతయి. అరిగినంక మోటరు తిరుగుతనే ఉంటది, చెయ్యి కదలదు. అప్పుడు మారాల్సింది చెయ్యి, మోటరు గాదు. రెండు చేతులు ఇప్పితె కుడిది ఎడమకు, ఎడమది కుడికి పోనియ్యకుండ్రి, ఒకదాన్నొకటి తన్నుకుంటయి.

అయినంక అద్దం మళ్ల తడిపి ముందుగాల తక్కువ స్పీడ్, తర్వాత ఎక్కువ స్పీడ్ ఆడించి చూడుండ్రి. ఎక్కువ స్పీడ్‌ల ఊపుకు చెయ్యి కొంచెం ఎక్కువ దూరం పోతది. పక్క కంబానికి గని కింద బానెట్ అంచుకు గని తగులొద్దు. తగిలితె ఒక పన్ను వెనుకకు. మరీ కిందికి పెట్టుడు సుత మంచిది గాదు. బ్లేడు కింది ప్లాస్టిక్‌ను తన్ని తన్ని నైలాన్ చక్రం అరుగుతది. ఎట్లయినా చేతితో వైపర్‌ను బలవంతంగ కిందికి నూకకుండ్రి. గట్ల నూకే ఆ చక్రం పండ్లు ఇరుగగొట్టుకుంటరు, తర్వాత షెడ్డోడు చెప్పిన అబద్ధం నిజమైతది.

పార్క్ స్విచ్ కథ ఇంకొంచెం లోతు. ముందుగాల మోటరు ఇప్పకుండ్రి, దాని ప్లగ్గు చూడుండ్రి. అద్దం కింది జాలీకెళ్లి వాన నీళ్లు కారి ప్లగ్గుల పచ్చటి చిలుము వడ్తది. ఇగ ఎలుకలు. వడ్ల బస్తాలున్న ఇంటి ముంగట కారు పెడ్తం, రాత్రికి అవి బానెట్ల చేరి వైర్లు కొరుకుతయి. నాలుగు వైర్లల్ల ఆ ఒక్క పార్క్ వైరు తెగితె వైపర్ ఆడుతది గని కొట్టానికి రాదు. తాళం ఆన్ ఉంచి, వైపర్ బంద్ ఉంచి, ఆ ప్లగ్గుల పార్క్ వైరుకు 12 వోల్టుల టెస్ట్ బల్బు పెట్టి చూడుండ్రి. వెలగకపోతె తప్పు మోటరు అవతల ఉన్నది, ఫ్యూజు నుంచి ప్లగ్గు దాక ఉన్న తొవ్వల. కొత్త మోటరు ఏసినా మళ్ల గట్లనే ఆగుతది, మీ పైసలు పోతయి. వెలిగితె అప్పుడు మోటరు డబ్బ మీద గని స్టీరింగ్ కాడి స్విచ్ మీద గని అనుమానపడాలె. ఇంకొక గుర్తు సుత ఉన్నది. ఆగి ఆగి కొట్టే నంబర్ మీద పెడితె వైపర్ ఒక్క జర్క్ ఇచ్చి ఆడనే ఆగిపోతుందా? ఆ జర్క్ రిలే ఇస్తది, మిగతా చుట్టు పూర్తి చేసేది పార్క్ స్విచ్. అది పనిచేస్తలేదని అర్థం.

మోటరు ఇప్పాల్సి వస్తె బ్యాటరీ నెగటివ్ తీసినంకనే చెయ్యి పెట్టుండ్రి. క్రాంక్ ఏ దిక్కుకు ఉన్నదో గీత పెట్టుకోకుండ ఇప్పొద్దు, ఫోన్‌ల ఫొటో తీసుకుంటె ఇంకా మంచిది. గేర్ డబ్బ మూత స్క్రూలతోని ఉంటె ఇప్పి చూడుండ్రి. లోపట గ్రీజు ఎండి నల్లటి తారు లెక్క అయ్యి రాగి రేకును కప్పేసి ఉంటది. కొంచెం పెట్రోల్ గుడ్డతోని తుడిచి, సన్నటి గరుకు కాయితంతోని రేకు మెరిసేదాక రుద్ది, వంగిన కాంటాక్టును ఎంట్రుక మందం లేపితె చానాసార్లు అయిపోతది. బీడీ ముట్టించుకొని పెట్రోల్ గుడ్డ పట్టుకునుడు మన దగ్గర ఉన్న అలవాటు, అది ఈ పని కాడ వద్దు. మూత రివిట్లతోని కొట్టి ఉంటె అది మీతోని గాదు, ఆటో ఎలక్ట్రీషియన్‌తోని అయితది. ఈ డబ్బ మోటరు రిపేరు చేసే వాళ్లు ప్రతి టౌన్ల ఉన్నరు, డైనమో, సెల్ఫ్ మోటర్లు చేసే షాపుల. కారు షోరూం తొవ్వ పట్టకముందు ఆ షాపు తొవ్వ పట్టుండ్రి.

మోటరు నిజంగ పోయేది ఉండదా అంటె ఉంటది. గుంయ్ మని సప్పుడు చేసి కదలకపోతె, కాలిన వాసన వస్తె, నైలాన్ చక్రం పండ్లు ఇరిగితె, డబ్బలకు నీళ్లు చేరి అంతా తుప్పైతె మార్చుకోండ్రి, నేను వద్దనలే. నేను వద్దన్నది చూడకుండ మార్చుడు.

మీల కొందరు అంటరు, "ఏడాదిల నలభై దినాలు వాన, దానికి ఇంత రాద్ధాంతమా" అని. 2024 సెప్టెంబర్ 1 యాదికి చేసుకోండ్రి. కేసముద్రం–ఇంటికన్నె నడుమ రైలు పట్టాల కింద మన్ను కొట్టుకపోయి పట్టాలు గాలిల యాలాడినయి. ఆకేరు మరిపెడ కాడ రోడ్డెక్కింది. గసొంటి వానల వైపర్ ఎంత మంచిగున్నా బండి తియ్యొద్దు, వాగు దాటొద్దు, ఆ ముచ్చట వేరు. నేననేది మామూలు వాన. మిర్చి అమ్మి ఖమ్మం మార్కెట్ నుంచి రాత్రిపూట వస్తుంటరు. వాన తెరిపిస్తది, వైపర్ బంద్ చేస్తరు, అది కండ్ల ముంగట అడ్డం నిలవడ్తది. ఎదురుంగ లారీ లైటు పడి ఆ తడి బ్లేడు నీడ అద్దం మీద సాగుతది. ముంగట ఎనుక లైటు లేని వడ్ల ట్రాక్టర్ పోతుంటది, అదీ మనోళ్లదే. ఆ నీడల ట్రాక్టర్ కనవడకపోతె ఏమైతదో నేను రాయాల్సిన పనిలేదు. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 101వ నియమం, అద్దం ఉన్న బండికి మంచిగ పనిచేసే యంత్రపు వైపర్ ఉండాలని చెప్తది. పోలీసు జరిమానా భయంతోని గాదు, ఆ నియమం ఎందుకు పెట్టిన్రో ఆ రాత్రి అర్థమైతది.

ఇగ మెకానిక్‌ల ముచ్చట. వాళ్లందరి మీద పడుతలే. మనం సుత తక్కువోళ్లం గాదు. మెకానిక్ అరగంట తల పెట్టి, పైస సామాను మార్చకుండ, గుడ్డతోని తుడిచి సరిచేసి "మూడు వందలు ఇయ్యన్నా" అంటె మనం ఏమంటం? "ఏం చేసినవని మూడు వందలు? తుడిచినవ్ గంతే గదా" అంటం. అదే కొత్త డబ్బ చూపెట్టి వేలు అడిగితె మాట్లాడకుండ ఫోన్‌పే కొడ్తం. ఇగురానికి పైసలియ్యం, సామానుకు ఇస్తం. అట్లాంటప్పుడు వాడు ఇగురం ఎందుకు చూపెడ్తడు? సామానే అమ్ముతడు. ఈ అలవాటు మనం మార్చుకోకుంట షెడ్డోణ్ని తిట్టుడు దండుగ.

ఇగురానికి పైసలియ్యకపోవుడు మన ఊరి జబ్బు ఒక్కటే గాదు. ఈ వైపర్ మీదనే అమెరికాల పెద్ద కొట్లాట నడిచింది. డెట్రాయిట్‌ల రాబర్ట్ కర్న్స్ అనే ఇంజనీరు, కాలేజీల పాఠాలు చెప్పేటోడు. 1953ల పెండ్లి నాటి రాత్రి సీసా బిరడా ఎగిరి తగిలి ఎడమ కన్ను చూపు పోయింది. కన్నురెప్ప ఆగి ఆగి కొట్టుకుంటది గదా, వైపర్ ఎందుకు కొట్టుకోవద్దు అని ఆలోచించి, సన్న జల్లుకు ఆగి ఆగి కొట్టే ఎలక్ట్రానిక్ వైపర్ తయారు చేసిండు. 1963ల ఫోర్డ్ కంపెనోళ్లకు చూపెట్టిండు. తర్వాత ఆయనతోని ఒప్పందం చేసుకోకుండనే కంపెనీ గసొంటి వైపర్లు కార్లకు పెట్టింది. 1978ల ఆయన కోర్టుకెక్కిండు. 1990ల జ్యూరీ ఆయన పేటెంటు వాడుకున్నరని తేల్చింది, ఫోర్డ్ కోటి రెండు లక్షల డాలర్లు కట్టింది. పన్నెండేండ్లు ఒక్క వైపర్ కోసం కొట్లాడిండు. మనం పన్నెండు నిమిషాలు నిలవడి "ఏం పోయిందో చూపెట్టు" అని అడగలేకపోతున్నం.

అడిగితె వచ్చే జవాబు ఒకటుంటది, "చిన్న సామాను దొరకదన్నా, మొత్తం అసెంబ్లీనే వస్తది" అని. ఇది చానాసార్లు నిజమే, అక్కడ షెడ్డోని తప్పు లేదు. రెండు రాగి కాంటాక్టులున్న మూత పలక విడిగ అమ్మితె పని అయిపోయేకాడ, మోటరు, లింకేజీ కలిపి ఒక్క డబ్బల పెట్టి అమ్ముతరు. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల జరిమానా ఏసింది. అసలు స్పేర్ పార్టులు, రిపేరు సమాచారం, పరీక్ష చేసే పరికరాలు బయటి మెకానిక్‌లకు అందనియ్యకుండ పట్టుకున్నరని. కంపెనీలు అప్పీళ్లకు పోయినయి, అది వేరే కథ. 2022 డిసెంబర్ 24న కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. అందుల నాలుగు రంగాలు పెట్టిన్రు, ఫోన్లు, ఇంటి సామాన్లు, కార్లు బండ్లు, ఇంకా వ్యవసాయ పరికరాలు. అంటె మన ట్రాక్టర్, మన హార్వెస్టర్ సుత అందుల ఉన్నయి. పోర్టల్ తెరిస్తె అయిపోలేదు. చిన్న సామాను చిన్న ధరకు విడిగ అమ్మాలని చట్టం గట్టిగ చెప్పాలె. ఇయ్యాల వైపర్ కాంటాక్టు విడిగ ఇయ్యనోడు రేపు హార్వెస్టర్ సెన్సర్ విడిగ ఇస్తడా? కోతల నడుమ మిషన్ ఆగి, మేఘం పట్టి, మొత్తం యూనిట్ కొంటెనే కదుల్తది అన్ననాడు మనం ఏం చేస్తం? మన సంఘాలు మద్దతు ధర అడిగినట్టే దీన్ని సుత అడగాలె. ఎవరూ అడుగుతలేరు.

అప్పటిదాక మన చేతుల ఉన్నది మనం చేద్దాం. వానకాలం ముంగట విత్తనాలు చూసుకున్నట్టే వైపర్ ఒకసారి ఆడించి చూసుకోండ్రి. చెయ్యి తప్పు కూసుంటె ఇంటికాడనే సరిచేసుకోండ్రి. షెడ్డుకే పోవాల్సి వస్తె "వైపర్ ఖరాబైంది" అని చెప్పకుండ్రి. "బంద్ చేస్తె ఎక్కడ పడితె అక్కడ ఆగుతున్నది, పార్క్ వైరుకు కరెంటు వస్తున్నదో లేదో బల్బు పెట్టి చూడు" అని చెప్పుండ్రి. ఆ ఒక్క మాటకు ఎదుటోని లెక్క మారుతది. తుడిచి సరిచేస్తె అడిగిన కూలి బేరం లేకుండ ఇయ్యుండ్రి. లేదు మోటరే మార్చాలంటె, బిల్లు కట్టేముందు పాత మోటరును మీ డిక్కీల ఎయ్యమనుండ్రి.